మూడో గొంతు తీసేసిన కచేరి

“అట్లగాదమ్మా, ఒక్కొక్కరే వాయించమను, ఇంటాం” అన్నాడు కార్యదర్శి, కాఫీ గ్లాసు కింద పెట్టి.

ఆ మాటతో నా కూతురి వైపు చూశాను. పదకొండేళ్లది. వాయిద్యాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని మెరిసే కళ్లతో కూర్చుని ఉంది. రాబోయేది దానికి తెలియదు. నాకు తెలిసిపోయింది.

మదనపల్లెలో మా ఇంటి హాల్లో నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. నా కూతురు, తొమ్మిదేళ్ల నా కొడుకు, ఎదురింటి అబ్బాయి, వాళ్లకు నేర్పే ఇంగ్లండు పెద్దావిడ. నలుగురూ అప్పుడే ఒక పాట కలిసి వాయించి ఆపారు. కార్యదర్శి కుప్పం నుంచి వచ్చాడు. అక్కడ ఆయనకొక సాంస్కృతిక సంఘం, దానికొక వార్షికోత్సవం. తెల్లావిడ మన పిల్లలకు సంగీతం నేర్పుతోందని ఎవరో చెబితే, తన కార్యక్రమానికి పనికొస్తుందో లేదో చూసుకుపోదామని వచ్చాడు. సంస్కృతి మొత్తాన్ని ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి చంకలో ఇరికించుకు తిరిగే మనుషులు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. ఈయన ఫైలు మరీ లావు.

పెద్దావిడ మా వీధి చివర అద్దెకుండేది. వాళ్ల అక్క ఒకప్పుడు ఈ వైపు ఏదో ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఇక్కడి గాలి గురించి ఉత్తరాలు రాసేదట. ఆ గాలి చూసిపోదామని వచ్చి ఉండిపోయింది. వస్తూ ఒక మనిషి పట్టేంత పెట్టెలో నాలుగు వాయిద్యాలు తెచ్చుకుంది. వాటిని వయోల్ అంటారు. ఆరు తీగలు, మెడ చుట్టూ కట్టిన మెట్లు, కమాను. చిన్నదైనా పెద్దదైనా కాళ్ల మధ్య నిలబెట్టే వాయించాలి. మా ఊరు దాన్ని చూసి రెండు నిమిషాల్లో ‘పెద్ద వయొలిన్’ అని తేల్చేసింది. తేల్చెయ్యడం మా ఊరికి బాగా వచ్చు. తెలుసుకోవడానికే తీరిక ఉండదు.

ఆవిడ నాకు పోస్టాఫీసులో దొరికింది. పార్సెలు కాగితం మీద ఏం రాయాలో తెలియక నిలబడి ఉంటే నేను మాట కలిపాను. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్లుగా ఇడ్లీ పిండితోనే మాట్లాడుతున్న నాకు, నా ఇంగ్లీషు విని ఒక మనిషి తల ఊపడమే పెద్ద గౌరవంగా అనిపించింది. ఆవిడకు వచ్చిన తెలుగు ‘రా’, ‘కూర్చో’, ‘మళ్లీ’. మా పిల్లలది తెలుగు మీడియం. అందుకని రోజూ పాఠం జరిగినంతసేపూ మధ్యలో నేను కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేదాన్ని.

ఆ సంగీతం సంగతి ఆవిడ చెప్పినట్టే చెబుతాను. నాలుగు వందల ఏళ్ల కింద ఇటలీలో నలుగురైదుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని పాడుకునేవాళ్లట. మాడ్రిగల్ అని ఆ పాటల పేరు. నలుగురూ ఒకే వరస పాడరు. ఒకరు ఒక మాట ఎత్తుకుంటే, అది పూర్తికాకముందే ఇంకొకరు అదే మాట తమ స్థాయిలో ఎత్తుకుంటారు. మూడోవాళ్లు అందుకుంటారు. మొదటివాళ్లు ఊరుకుంటారు. ఎవరి కాగితం మీద వాళ్ల వరస మాత్రమే ఉంటుంది. పాట మొత్తం ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ పాటలు ఇంగ్లండు చేరాక అక్కడివాళ్లు మోజుపడి, మాటలు తీసేసి, అదే పద్ధతిలో వయోళ్ల కోసం కొత్తవి కట్టుకున్నారు. నాలుగు గొంతులు నాలుగు వాయిద్యాలయ్యాయి. సభ కోసం కాదు. తమ కోసం, భోజనాలయ్యాక ఇంట్లో వాయించుకోవడానికి.

ఆవిడ నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. వాయించబోయే ముక్క ఏ పాట పోలికలో కట్టారో, ముందు ఆ పాట పాడించేది. ఇటలీ మాటలు నేను తెలుగు లిపిలో రాసిస్తే పిల్లలు పైకి చదవాలి, తర్వాత పాడాలి, ఆ తర్వాతే కమాను పట్టాలి. ఒక పాటలో ఒకడు ప్రియురాలితో, నీ చూపు తగిలి నా ఒళ్లంతా నిప్పంటుకుందని ఏడుస్తున్నాడు. తొమ్మిదేళ్లవాడికి ఇదేం చెప్పను? “వాన రాలేదని రైతు ఏడుస్తున్నాడు” అన్నాను. పిల్లలకు వెంటనే అర్థమైపోయింది. ఎండిన వేరుశనగ చేలు చూడని పిల్లలు ఈ వైపు ఎవరున్నారు గనక? ఎంత దిగులుగా వాయించారంటే, పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పాట గుండె వీళ్లకు దొరికింది అంది.

ఎదురింటివాళ్లు శాకాహారులు. ఒకరోజు ఆ అబ్బాయి తల్లి వచ్చి, “ఈ తీగెలు దేంతో చేస్తారక్కా?” అని అడిగింది. గొర్రె పేగుతో. “నైలాను” అన్నాను. ఆ అబ్బాయి చదువు ఆగలేదు. చిన్న మార్పు చేస్తే అందరికీ సుఖం అని నాకు అలా అలవాటైంది.

ఇక కార్యదర్శి పెట్టిన పరీక్ష. మా వాడిది పై గొంతు. విడిగా విన్నా చక్కటి వరస. “సెబాస్!” అన్నాడు. ఎదురింటి అబ్బాయిది రెండోది. పర్వాలేదన్నట్టు తల ఊపాడు. మా అమ్మాయిది మూడోది. నాలుగు పొడుగు స్వరాలు. తర్వాత నిశ్శబ్దం. రెండు స్వరాల మధ్య ఇటూ అటూ నడక. మళ్లీ నిశ్శబ్దం. నలుగురితో కలిసినప్పుడు పాట నిలబడేది దాని మీదే. ఒంటరిగా వింటే, వంటింట్లో ఎవరో పాత్రలు సర్దుతూ మధ్యమధ్యలో ఆగినట్టుంటుంది. ఆ ఆగిన చోట నా కూతురు కాలి బొటనవేలితో లెక్కపెట్టుకుంటోంది.

“మర్సిపోయినావా పాపా?” అన్నాడు కార్యదర్శి.

అది తల అడ్డంగా ఊపింది. జవాబు చెబితే లెక్క పోతుంది కదా.

“ఏం పర్వాలేదులే. సిన్నబిడ్డ, ఇంకా నేర్సుకుంటా ఉండాది.”

లెక్క పోయింది. కమాను ఎత్తి, ఎక్కడ దించాలో తెలియక, గాల్లోనే ఉంచుకుంది. ఎదురింటి అబ్బాయి కిసుక్కున నవ్వాడు.

కార్యదర్శి ఫైలు తెరిచాడు. “సూడమ్మా, బాబు మెయిను. ఈ పిల్లోడు పక్కవాయిద్యం. దొరసానమ్మ ఎనకాల కూసుంటాది. పాపకు తంబూరా ఇస్తాం. పట్టుపావడా కట్టుకోని కూసుంటే స్టేజీ నిండుగా ఉంటాది. మృదంగానికి మనోడే ఉండాడు.”

“ఇందులో మెయిను ఉండదండీ” అన్నాను. “నలుగురూ ఒకటే.”

“అదెట్లమ్మా? శాలువా ఒకటే గదా తెచ్చేది. మరి ఎవురికి కప్పేది?”

ఆయన హాస్యమాడటం లేదు. శాలువా ఒకటి కాబట్టి విద్వాంసుడు ఒకడే ఉండాలి. మన సభల్లో సంగీతశాస్త్రం ఇంతే.

“ఇంకోటి. ఈ మాదిరి గుండ్రంగా కూసుంటే కుదరదు. ముందర వరసలో పెద్దమనుషులు ఉంటారు. వాళ్లకు ఈపు సూపిస్తారా యాడన్నా?”

వయోల్ వాయించేవాళ్లు ఒకరినొకరు చూసుకోవాలి. ఒకరు ఊపిరి పీల్చి కమాను ఎత్తితే, ఆ ఊపిరి చూసి మిగతావాళ్లు ఎత్తుతారు. తాళం వేసేవాళ్లుండరు. అది చెప్పబోయాను. ఆయన అప్పటికే రాసేసుకుంటున్నాడు.

“ఆయన ఏమంటున్నారు?” అని పెద్దావిడ అడిగింది.

నా కూతురు ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ క్షణంలో నాకు కుప్పం స్టేజీ కనిపించింది. అక్కడ అది లెక్కపెట్టుకుంటూ ఊరుకున్నప్పుడల్లా మూడొందల మంది మరిచిపోయిందనుకుంటారు, నవ్వుతారు. తమ్ముడికున్న విద్య దీనికి రాలేదని చుట్టాల్లో ఒక మాట పడుతుంది. అలాంటి మాట ఆడపిల్ల మీద పడితే పెళ్లి దాకా వెంట వస్తుంది. నాకు తెలుసు. పుంగనూరులో పన్నెండేళ్లప్పుడు ఒక పెళ్లిలో పాట మధ్యలో చరణం మరిచిపోతే ఆడవాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత నేను ఎక్కడా పాడలేదు.

“పాపకు స్టేజీ అంటే భయమట” అని పెద్దావిడకు చెప్పాను. “ఈసారి వదిలెయ్యమని అడుగుతోంది.”

ఆవిడ దానివైపు చూసింది. “అయితే వెళ్లొద్దు. ముగ్గురితో ఆ పాట పాటే కాదు” అంది. బ్యానరు వేయించేశారనీ, మగపిల్లలిద్దరూ ఏడుస్తారనీ, తంబూరా లేకుండా ఇక్కడ స్టేజీ మీద ఏదీ మొదలుపెట్టరనీ అల్లుకుంటూ పోయాను. ఇది మీ దేశం, మీకే తెలుసు అని ఒప్పుకుంది.

సాయంత్రం పూలు కడుతూ నా కూతురికి చెప్పాను. “టీచరమ్మ నిన్ను ఈసారికి వద్దంది. ఇంకా కొంచెం గట్టిపడాలట. తంబూరా పట్టుకో.”

“నేను బాగానే వాయించినా గదమా. ఆయప్ప మాట్లాడినాడనే లెక్క తప్పింది.”

“అవును.”

“ఆ మాట టీచరమ్మకు చెప్పినావా?”

“చెప్పాను.”

“అయినా వద్దనిందా?”

పూల దారం తెగింది. మళ్లీ ముడేస్తూ తల ఊపాను.

దానికి పరీక్షలున్నాయని పెద్దావిడతో చెప్పి, కచేరికి ముందున్న మూడు వారాలూ పాఠానికి ఆవిడ ఇంటికి తీసుకుపోలేదు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, భాష లేకపోయినా నా అబద్ధం బయటపడుతుందని భయం. అది మాత్రం రోజూ బడి నుంచి వచ్చి తన కాగితం తీసి చూసుకుని, మళ్లీ పుస్తకంలో పెట్టేది. వారం తర్వాత తియ్యడం మానేసింది. “తంబూరా అయితే ఏం తక్కువ? నువ్వే ఊరికే దిగులు పడతావు” అని మా ఆయన పేపరు తిప్పుతూ అన్నాడు. నా దిగులుకి కారణం ఆయనకు తెలియదు. అడిగితే చెప్పేదాన్నేమో. పేపరు చాలా పెద్దది.

కుప్పం పోయేరోజు పొద్దున్నే జీపులో బయల్దేరి పుంగనూరులో మా అమ్మవాళ్లింట్లో టిఫినుకు ఆగాం. మా అమ్మ చేతిలో అట్లకాడతోనే బయటికి వచ్చి వాయిద్యాల పెట్టె చూసింది.

“ఏమ్మే, ఇదేనా కాళ్ల సందున పెట్టుకోని వాయించేది?”

“మోకాళ్ల మధ్య, అమ్మా.”

“రెండూ ఒకటేలే. ఆడబిడ్డకు నేర్పించేదానికి నీకు ఇంగేం దొరకలేదా?” మనవరాలి వైపు తిరిగింది. “నువ్వేం వాయిస్తావే?”

“తంబూరా అవ్వా.”

“తంబూరానా! అది వాయించేదేముండాదే? నాలుగు తీగెలు గోకతా కూసునేది. ఎనకాల గోడ మాదిరి.”

నా కొడుకు గట్టిగా నవ్వాడు. నా కూతురు దోసె ముక్క చట్నీలో అద్దింది, నోట్లో పెట్టుకోలేదు. పెద్దావిడకు మాటలేవీ అర్థం కాకపోయినా, తన ప్లేటులోని దోసె సగం తుంచి దాని ప్లేటులో పెట్టింది. నా కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. తనను తీసేసిన మనిషి కదా ఆవిడ.

కుప్పంలో కళ్యాణమండపం. మధ్యాహ్నం మూడుకి అన్నది నాలుగున్నరకు మొదలైంది. గంటసేపు పెద్దమనుషులు ఒకరినొకరు పొగుడుకున్నారు. ఒకాయన, ఈ సంగీతం మన వేదాల్లోంచే ఇటలీకి పోయిందని సెలవిచ్చాడు. ఏ దారిన పోయిందో చెప్పలేదు. పోయినదాన్ని వెనక్కి తెచ్చినందుకు కార్యదర్శికి చప్పట్లు. మా వాడికి జుబ్బా, బొట్టు, ముందర మైకు. ఎదురింటి అబ్బాయి పక్కన. అటువైపు మృదంగం. పెద్దావిడ వెనక వరసలో ఒక మూల, నా కూతురు ఇంకో మూల పట్టుపావడాలో, తంబూరా పట్టుకుని. నలుగురిలో ఏ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనబడదు. పెద్దమనుషులకు మాత్రం ఎవరి వీపూ కనబడలేదు.

మొదలుపెట్టారు. ఈ సంగీతం ఒకే షడ్జం మీద నిలబడదు, నేల కదులుతూ పోతుంది. కింద తంబూరా మాత్రం కదలకుండా మోగుతోంది. కాసేపటికి ఒకదానికొకటి రాసుకుని పళ్లు పులిసినట్టయింది. నా కూతురికి అది అందరికంటే ముందు తెలిసింది. తీగలు మెల్లగా మీటసాగింది. పక్కనుంచి కార్యదర్శి, గట్టిగా, గట్టిగా అని చెయ్యి ఊపాడు. మృదంగం ఆయనకు తాళం దొరకలేదు. దొరకనందుకు కోపంగా వాయించాడు.

నేను ముక్క నడిమి కోసం భయపడుతూ కూర్చున్నాను. అక్కడ పై గొంతులు రెండూ ఆగుతాయి. మూడో గొంతు మొదటిసారి పాట వరసను ఎత్తుకుంటుంది, అది సగంలో ఉండగా మా వాడు అందుకోవాలి. ఆ చోటు వచ్చింది. పిల్లలిద్దరూ కమాన్లు ఎత్తారు. మూడో గొంతు లేదు. పెద్దావిడ తన పెద్ద వయోలు మీదే దాన్ని పట్టుకోబోయింది గానీ అప్పటికి మృదంగం ముగింపు తీర్మానం మొదలుపెట్టింది. మా వాడు ఎదురుచూశాడు. వాడు ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు, అక్క వరస విని అందుకునేవాడు. ఇప్పుడు వినడానికి ఏమీ లేదు. మైకునూ జనాన్నీ వదిలేసి వెనక్కి తిరిగి, అక్క వైపు చూశాడు. అది తంబూరా మీద చెయ్యి ఆపి వాడిని చూసింది. ఇద్దరి మొహాలూ నాకిప్పటికీ కళ్లముందున్నాయి.

మృదంగం ఘనంగా ముగిసింది. మండపమంతా చప్పట్లు. సగం పాట ఇంకా మిగిలే ఉంది, ఎవరికీ అక్కర్లేదు. శాలువా వచ్చి మా వాడిని మోకాళ్ల దాకా కప్పేసింది. “బాగుండాదా?” అని కార్యదర్శి నా దగ్గరికొచ్చాడు. “సూసినావా, నేను సెప్పలా? పాప కూసున్నందుకు ఎంత నిండుగా ఉండిందో!”

ఇన్నాళ్లూ ఆయనను ఎంతగా ఈసడించుకున్నానో అంతకు రెండింతలు అప్పుడు ఈసడించుకోబోయాను. కుదరలేదు. ఆయన తనకు తోచింది అందరిముందూ పైకి అన్నాడు. ఒకరి మాటను మింగి, ఇంకొకరి నోట్లో లేని మాట పెట్టింది నేను.

సాయంత్రం వెలుగుండగానే రామకుప్పం మీదుగా బయల్దేరాం. మా వాడు శాలువా మడిచి అక్క ఒళ్లో పెట్టాడు. అది పక్కకు తోసేసింది. “ఇంక పాఠానికి రాను. ఇంగెప్పుడూ రాను” అంది నాతో, నెమ్మదిగా. పెద్దావిడ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. ఆ మాటలు ఎవరి దగ్గర అడిగి నేర్చుకుందో, ఒక్కో ముక్కా కూడబలుక్కుని, నా కూతురి చెయ్యి తట్టి అంది:

“భయం... వద్దు.”

నా కూతురు నన్ను చూసింది. “అమా, టీచరమ్మ భయం వద్దంటాండాది. యాల? దేనికి భయం?”

ఇద్దరూ నా నోటికేసి చూస్తున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను బయట రాగిచేల వైపు చూపించి, “ఈ పక్క ఏనుగులొస్తాయి కదా, అందుకు” అన్నాను. మా వాడు కిటికీకి అతుక్కుపోయాడు. నా కూతురు అతుక్కోలేదు. ఏనుగు పేరు చెబితే మరిచిపోయే వయసు దానికి దాటిపోయింది.

మరునాడు ఆదివారం. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, నేనూ ఎదురుగా కింద కూర్చుని చెప్పాను. “టీచరమ్మ నిన్ను వద్దనలేదు. నువ్వు లేకపోతే అది పాటే కాదంది. నువ్వు భయపడుతున్నావని ఆవిడకు నేను అబద్ధం చెప్పాను, ఆవిడ నిన్ను వద్దందని నీకు అబద్ధం చెప్పాను. భయపడింది నేను. నువ్వు ఆగినప్పుడు జనం నవ్వుతారని భయపడ్డాను. నువ్వు ఆగింది మరిచిపోయి కాదు, అక్కడ ఆగాలి కాబట్టి. అది నాకు తెలిసి కూడా ఆయనతో చెప్పలేదు. రేయ్, నిన్న నువ్వు తప్పలేదు, అక్క వరస లేకుండా నువ్వు అందుకోలేవు. ఇప్పుడు ఆవిడ ఇంటికి పోయి ఇదే మాట ఇంగ్లీషులో చెప్పి వస్తాను. మీరూ రండి. నేను చెప్పింది సరిగ్గా చేరిందో లేదో ఆవిడ మొహం చూసి మీరే తెలుసుకోండి. పాపా, పాఠానికి వస్తావా రావా అనేది మాత్రం నన్నడగొద్దు, నాతో చెప్పించొద్దు. వయోలు ఆవిడ దగ్గరుంది, వెళ్లి కూర్చోవాలనిపిస్తే కూర్చో. నేను బయట అరుగు మీద ఉంటాను.”